పాటల డాక్టరు: అద్దాల టోపీ, డిసెంబరు కేక

ప్రశ్న: మా అబ్బాయి బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటాడు. పోయిన డిసెంబరులో వెళ్ళి రెండు నెలలు ఉండొచ్చాను. ఏ షాపులో అడుగుపెట్టినా ఒకాయన గొంతు చించుకుని 'క్రిస్మస్' అని అరిచే పాటే. ఎవరని అడిగితే "ఏదో పాత పాటలేమ్మా" అన్నాడు మావాడు. మీరు అక్కడ పనిచేశారు కదా, ఎవరు డాక్టరుగారూ ఆయన?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆ అరిచేది నాడీ హోల్డర్. బృందం పేరు స్లేడ్. బర్మింగ్‌హామ్‌లో రైలెక్కితే ఇరవై నిమిషాల్లో వచ్చే వుల్వర్‌హాంప్టన్ వాళ్ళది. కొన్నాళ్ళు నాదీ ఆ ఊరే. 1971 సెప్టెంబరులో గుంటూరు నుంచి వెళ్ళి అక్కడి ఆసుపత్రిలో జూనియర్ డాక్టరుగా చేరాను. రెండు నెలలు తిరిగేసరికి వీళ్ళ 'కజ్ ఐ లవ్ యూ' దేశంలో నంబర్ వన్ అయి, నాలుగు వారాలు కదల్లేదు. కాలు విరిగి మంచానికి అతుక్కుపోయిన ఫౌండ్రీ కుర్రాడొకడు ట్రాన్సిస్టర్ సౌండు పెంచి, "మనోళ్ళు డాక్టర్, మనోళ్ళు!" అన్నాడు.

ఆ 'మనోళ్ళ'లో నేనున్నానా అని నాకు అనుమానమే. వలస వచ్చినవాళ్ళ మీద 1968లో నిప్పులు కక్కిన ఈనాక్ పావెల్ అప్పట్లో ఆ ఊరి ఎంపీ. గది అద్దెకి అడిగితే నా మొహం చూసి "ఇప్పుడే ఇచ్చేశాం" అన్న ఇళ్ళు మూడు. గుండ్లు, బరువు బూట్లతో స్కిన్‌హెడ్ కుర్రాళ్ళు ఎదురొస్తే రోడ్డు దాటి అవతలికి పోయేవాణ్ణి. అలాంటిది ఒకరోజు ఓ నర్సు పాత పత్రికలో ఫొటో చూపించింది. 1969 నాటి స్లేడ్, నలుగురికీ గుండ్లే! గిటారు వాద్యకారుడు జిమీ హెండ్రిక్స్‌ను లండన్‌కు తీసుకొచ్చిన చాస్ చాండ్లరే వీళ్ళకూ మేనేజరు. జనం కంట్లో పడాలని ఆ వేషం వేయించాడట. కంట్లో పడ్డారు గానీ పాట అమ్ముడుపోలేదు. జుట్టు పెంచి, తళుకు బట్టలు, ఎత్తు బూట్లు వేశాక దశ తిరిగింది. ఈ తళుకుల వేషంతో పాడే రాక్ సంగీతాన్నే గ్లామ్ రాక్ అన్నారు.

ఇక మీరు విన్న పాట. 'మెర్రీ ఎక్స్‌మస్ ఎవ్రీబడీ' అని దాని పేరు. చలికాలం పాటే గానీ రికార్డు చేసింది 1973 వేసవిలో, ఎండ మండిపోతున్న న్యూయార్క్‌లో. కోరస్‌కి గొంతులు మోగాలని స్టూడియో గది వదిలి నడవాలోకి వచ్చి పాడారు. ఉక్కపోతలో ఆఫీసులకు పోయేవాళ్ళు వీళ్ళను ఎలా చూసి ఉంటారో ఊహించుకోండి. కోరస్ బాణీ నాడీ 1967లో కట్టి పక్కన పారేసినది. మిగతా బాణీ బేస్ గిటారు వాయించే జిమ్ లీది. మాటలు మాత్రం నాడీ ఒక్క రాత్రిలో, పబ్బు నుంచి వాల్సాల్‌లోని అమ్మానాన్నల ఇంటికి వచ్చి రాసేశాడు.

డ్రమ్ములు వినేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఆ ఏడాది జూలై 4న డ్రమ్మరు డాన్ పావెల్ కారు ప్రమాదంలో చావు తప్పి బయటపడ్డాడు. పక్కనున్న ప్రియురాలు చనిపోయింది. ఆ రోజున దేశంలో నంబర్ వన్ పాట వీళ్ళదే. తలకు దెబ్బ తగిలి డాన్‌కి వాసన, రుచి తెలియకుండా పోయాయి. తలకి గట్టి దెబ్బ తగిలితే ముక్కు పైన ఉండే సన్నటి నరాలు తెగుతాయి, అలాంటి కేసులు నేనూ చూశాను. అతనికి జ్ఞాపకం కూడా దెబ్బతింది. ఏ పాట ఎలా మొదలవుతుందో పక్కవాళ్ళు గుర్తు చేయాల్సి వచ్చేది. ఆ స్థితిలో న్యూయార్క్ వెళ్ళి వాయించిన దరువు మీరు షాపులో విన్నది.

డిసెంబరులో విడుదల కాగానే మొదటి వారమే నంబర్ వన్. బొగ్గు గనుల గొడవ, చమురు కరువు కలిసొచ్చి ఆ క్రిస్మస్‌కి ఊళ్ళో సగం దీపాల్లేవు. రాత్రి పదిన్నరకే టీవీ కట్టేసేవారు. నైట్ డ్యూటీలో స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని ఆ పాట వింటూ, మొదటిసారి నేనూ కోరస్ కలిపాను.

ప్రశ్న: గ్లామ్ రాక్ అంటే గాయకుడు డేవిడ్ బోవీ అనే చదివాను. చార్టుల్లో, అంటే వారం వారం వచ్చే అమ్మకాల జాబితాల్లో, నిజంగా ఎవరిది పైచేయి?
— డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: పుస్తకాలు రాసేవాళ్ళకి బోవీ ఇష్టం బాబూ. నాకూ ఇష్టమే. కానీ బ్రిటన్ సింగిల్స్‌లో, అంటే ఒక్కో పాటకి వచ్చే చిన్న రికార్డుల్లో, అతనికి మొదటి నంబర్ వన్ 1975లో గానీ రాలేదు. అదీ 1969 నాటి 'స్పేస్ ఆడిటీ'ని మళ్ళీ విడుదల చేస్తే. 1972 జూలైలో టీవీలో పాడి అందరి నోళ్ళు తెరిపించిన 'స్టార్‌మన్' కూడా పదో స్థానం దాటలేదు. అతని అమ్మకాలు ఎల్పీల్లో, అంటే చాలా పాటలుండే పెద్ద రికార్డుల్లో ఉండేవి. స్లేడ్‌కి 1971-73 మధ్య ఆరు నంబర్ వన్‌లు. 'కమ్ ఆన్ ఫీల్ ద నాయిజ్' 1973లో నేరుగా మొదటి స్థానంలోనే దిగింది. 1969లో బీటిల్స్ 'గెట్ బ్యాక్' తర్వాత అలా జరగడం అదే మొదటిసారి.

దారి వేసింది మాత్రం లండన్ కుర్రాడు మార్క్ బోలన్. తన బృందం టీ రెక్స్ పాట 'హాట్ లవ్' కోసం 1971లో కళ్ళ కింద మెరుపులద్దుకుని 'టాప్ ఆఫ్ ద పాప్స్'లో కనిపించాడు. బీబీసీలో గురువారం సాయంత్రం వచ్చేది ఆ కార్యక్రమం. మా డాక్టర్ల మెస్‌లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ, ఎవరు ఎంత తళుకు పూసుకున్నా మాకు బూడిదే. అప్పట్లో టీవీ చూడాలంటే కట్టాల్సిన లైసెన్సు రంగులదానికి ఏడాదికి 12 పౌండ్లు, మామూలుదానికి 7. రంగులు చూడాలంటే టీవీ షాపు అద్దం ముందు నిలబడేవాళ్ళం, శబ్దం లేకుండా. ఈ బృందాలు మాత్రం ఆ రంగుల పెట్టె కోసమే బట్టలు కుట్టించుకున్నాయి.

లెక్క కట్టే పద్ధతి కూడా తెలుసుకో. ఎంపిక చేసిన కొన్ని వందల షాపులవాళ్ళు అమ్మిన ప్రతి రికార్డు నంబరూ డైరీలో రాసి పోస్టులో పంపేవారు. ఆ లెక్కల నుంచే చార్టు. వారం వారం ఇంట్లో ఇచ్చే చేతిఖర్చు డబ్బుల్లోంచి సింగిల్ కొనేది బడిపిల్లలు. గురువారం టీవీలో చూడటం, శనివారం షాపులో కొనడం. పన్నెండేళ్ళ పిల్లకి నచ్చితే నంబర్ వన్, అంతే.

పాపం స్వీట్ అనే బృందాన్ని చూస్తే జాలేస్తుంది. 'బ్లాక్‌బస్టర్' ఒక్కటే నంబర్ వన్, 1973లో. మరో అయిదు పాటలు రెండో స్థానం దాకా వచ్చి ఆగిపోయాయి. ఎంసెట్‌లో మార్కు తేడాతో సీటు పోయినవాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ. ఆ రోజుల్లోని ఇంకో పెద్ద పేరు నేను కావాలనే రాయలేదు. ఆయన తర్వాత పిల్లల మీద నేరాలకు జైలుకెళ్ళాడు.

ప్రశ్న: స్లేడ్ వాళ్ళ పాటల పేర్లలో అన్నీ స్పెల్లింగు తప్పులే. ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పినదాన్ని, చూడలేకపోతున్నాను.
— రిటైర్డ్ టీచరు, బొబ్బిలి

జవాబు: మేడమ్, అప్పట్లో అక్కడి మేష్టర్లూ మీలాగే గోల పెట్టారు. 'లవ్'లో ఓ బదులు యు, 'నాయిజ్'లో ఎస్ బదులు జెడ్. చిక్కేమిటంటే, ఈ తప్పుల్ని తెలుగులో రాసి చూపించలేను, మనది పలికినట్టే రాసే లిపి. వాళ్ళు చేసిందీ అదే, తమ ప్రాంతపు యాసలో ఎలా అంటారో అలాగే రాశారు. మీ పక్క జిల్లా గిడుగు రామమూర్తి పంతులుగారు ఉండుంటే వాళ్ళ పక్షానే వాదించేవారని నా నమ్మకం.

ప్రశ్న: ఫొటోల్లో నాడీ హోల్డర్ నెత్తి మీద అద్దాల టోపీ ఏమిటండీ?
— ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: గుర్రబ్బండి తోలేవాళ్ళు పెట్టుకునే పొడుగు టోపీకి గుండ్రటి అద్దాలు అంటించాడు. స్టేజి లైటు పడితే హాలంతా చుక్కలే. టోపీ అమ్మింది లండన్ కెన్సింగ్టన్ మార్కెట్లో కొట్టు నడుపుతున్న ఫ్రెడీ మెర్క్యురీ అని నాడీయే చెప్పుకున్నాడు. అవును, మన పంచగనిలో చదువుకున్న పార్సీ కుర్రాడే, అప్పటికింకా అతను పాడిన క్వీన్ బృందం పేరు ఎవరికీ తెలీదు.

ప్రశ్న: ఒక్క పాట వినమంటే?
— అదే పాఠకుడు

జవాబు: 'కజ్ ఐ లవ్ యూ'. జిమ్ లీ వయొలిన్ వినండి, దాని కింద బూట్ల చప్పుడు, చప్పట్లు. పక్కింటివాళ్ళు నిద్రలేచాకే పెట్టండి.