ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లాడు బడిలో నోరు విప్పడం లేదు, థెరపీకి అప్పు చేయాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాబుకు ఆరేళ్లు. ఇంట్లో బాగా మాట్లాడతాడు, ఒకటో తరగతిలో చేరి ఏడు నెలలవుతున్నా బడిలో మాత్రం ఒక్క మాట లేదు. టీచర్ ఆటిజం ఏమో చూపించండి అన్నారు. విజయవాడ సూర్యారావుపేటలో ఒక సెంటర్‌కు వెళ్తే స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు అలవాటు చేసేది) కలిపి మూడు నెలల ప్యాకేజీ చెప్పి, సగం ముందే కట్టమన్నారు. మీవారు ట్రాలీ ఆటో నడుపుతారు. అప్పు తెచ్చి కట్టాలా, తక్కువలో మా బాబుకు సరిపోయే థెరపిస్టు దొరుకుతారా అని అడిగారు.

ఆ అప్పు ఇప్పుడే చేయకండి. మేం చేశాం కాబట్టి చెబుతున్నాను.

మాది గుంటూరు. 2023లో మా పాప యూకేజీ. ఇంట్లో వసపిట్ట. పొద్దున లేచింది మొదలు వాళ్ల తాతయ్యను పేపరు కూడా చదవనిచ్చేది కాదు. బడి గేటు దాటితే మాత్రం ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయేది. హాజరు పిలిస్తే పలకదు. పక్కపిల్ల పెన్సిల్ లాక్కున్నా అడగదు. ఒకరోజు బాత్రూమ్‌కు వెళ్తానని చెప్పలేక బెంచీ మీదే తడుపుకుంది. ఆయా ఫోన్ చేసి బట్టలు తెమ్మంటే పరిగెత్తాను. వరండాలో ఒక మూల నిలబడి ఉంది. నన్ను చూసి కూడా నోరు తెరవలేదు. బండెక్కి వీధి మలుపు తిరిగాక, "అమ్మా, టీచర్ కోప్పడలేదులే" అంది. నన్ను ఊరుకోబెడుతోంది, ఐదేళ్ల పిల్ల.

ఇంట్లో తలా ఒక మాట. మా అత్తయ్య దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించారు. మా ఆయన మొండితనం అన్నారు. మా పెదనాన్నగారు "ఇంట్లో పులి, వీధిలో పిల్లి, పెద్దయితే అదే పోతుంది" అన్నారు. టీచరేమో పేరు చెబితే చాక్లెట్ ఇస్తానని అందరి ముందూ నిలబెట్టారు. ఆమెది మంచి మనసే, కానీ ముప్పై మంది పిల్లలు తననే చూస్తుంటే మా పాప ఇంకా బిగుసుకుపోయింది.

నేను టెన్షన్‌తో ఎవరో చెప్పిన సెంటర్‌కు తీసుకెళ్లాను. ఇరవై నిమిషాలు చూసి, మాటలు ఆలస్యం అన్నారు, 24 సెషన్లు, 18,000 ముందే కట్టమన్నారు. ఉంగరం కుదువబెట్టి కట్టాం. నన్ను బయట కూర్చోమని, లోపల ఒక కుర్రాడు ఇంగ్లీషులో బొమ్మల కార్డులు చూపించి ఇదేంటి, అదేంటి అని అడిగేవాడు. అవన్నీ పాపకు తెలిసినవే. తెలియక కాదు కదా మాట్లాడనిది! తొమ్మిది సెషన్లయ్యాక ఫైల్లో "సహకరించడం లేదు" అని రాశారు. ఆ మాట చదివి ఇంక తీసుకెళ్లలేదు. మిగిలిన డబ్బు తిరిగి రాలేదు.

ఆ కుర్రాడిని నేను తప్పుపట్టను. మాటలు నిజంగా ఆలస్యమైన పిల్లలకు ఆ పని కావాలి, వారానికి ఎక్కువసార్లు కూడా కావాలి. కానీ మా పాప సమస్య అది కాదు. మేం సమస్య పేరు తెలుసుకోకుండా మందు కొన్నాం. మంచి థెరపిస్టు ఎవరు అనే ప్రశ్న కంటే ముందు, మా పిల్లకు ఏ రకం థెరపిస్టు కావాలి అని అడగాలని అప్పుడు తెలియలేదు.

తర్వాత మంగళగిరి ఎయిమ్స్‌కు వెళ్లాం. మీకూ మాకూ మధ్యలోనే ఉంటుంది, విజయవాడ నుంచి గుంటూరు బస్సులు మంగళగిరి మీదుగా వెళ్తాయి. మేం వెళ్లినప్పుడు ఓపీ చీటీ పది రూపాయలు. ఒకరోజు పని మానుకుని వెళ్లాల్సిందే అనుకోండి. మానసిక వైద్య విభాగంలో డాక్టరమ్మ పాపను ఏమీ అడగలేదు. నన్ను అడిగారు, "ఇంట్లో మాట్లాడిన వీడియో ఏమైనా ఉందా?" అని. నా ఫోన్లో ఉంది. తాతయ్యకు కాకి కథ చెబుతూ, మధ్యలో ఆయన నిద్రపోతే భుజం పట్టి ఊపుతున్న వీడియో. ఆమె రెండుసార్లు చూశారు. వినికిడి పరీక్ష చేయించమన్నారు. అది బాగానే ఉంది. అప్పుడు చెప్పారు, దీన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారని.

నాకు అర్థమైనంతవరకు చెబుతాను. ఇది భయానికి, ఆందోళనకు సంబంధించినది. పిల్ల మాట్లాడనని పట్టుబట్టడం కాదు, మాట్లాడాలనే ఉంటుంది, నోరు పెగలదు. సాధారణంగా ఐదేళ్లలోపే మొదలవుతుంది, కానీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఎవరికీ తెలియదు, బడిలో వేశాక బయటపడుతుంది. కొత్త బడిలో మొదటి నెల మాట్లాడకపోతే దీని కింద లెక్కేయరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒక్కసారిగా ఇంగ్లీషు పడిన పిల్లలు కొన్నాళ్లు మౌనంగా ఉండటం కూడా మామూలే. అందుకే మీరూ నేనూ ఊహించుకుని పేరు పెట్టకూడదు. మీ బాబుదీ మా పాపదీ ఒకటే అని నేను అనను. కొందరు పిల్లల్లో ఈ భయంతోపాటు మాటల ఇబ్బంది కూడా ఉంటుందట, అదీ చూడాలి. అందుకే మొదటి డబ్బు, మొదటి సమయం పరీక్షకే పెట్టండి.

పేరు తెలిశాక వెతుకులాట చాలా తేలికైంది. మాకు కావాల్సింది పిల్లల ఆందోళన మీద పనిచేసే క్లినికల్ సైకాలజిస్ట్. వీళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఇలాంటి నిపుణులను నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి, దాన్ని సీఆర్‌ఆర్ నంబరు అంటారు. స్పీచ్ థెరపిస్టులకు, స్పెషల్ ఎడ్యుకేటర్లకు కూడా అదే కౌన్సిల్. నంబరు అడగడానికి మొహమాటపడకండి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. నేను అడిగితే ఒకాయన విసుక్కున్నారు, ఆయన దగ్గరకు వెళ్లలేదు.

ముగ్గురికి ఫోన్ చేశాను. ముగ్గురినీ అడిగింది ఒకటే: "ఇలాంటి పిల్ల వస్తే మొదటి రోజు ఏం చేస్తారు?" ఒకరు "రెండు సెషన్లలో మాట్లాడించేస్తాను" అన్నారు. రెండో ఆయనే నంబరు అడిగితే విసుక్కున్నది. విజయవాడ మొగల్రాజపురంలో ఒకావిడ, "మొదటి రోజు నేను పాపను ఏమీ అడగను. మీరూ లోపలే ఉండండి. ఇంట్లో మీరిద్దరూ ఆడుకునేది ఏదైనా తెచ్చుకోండి" అన్నారు. వినగానే నా మనసు కుదుటపడింది. గుంటూరు నుంచి గంట ప్రయాణమైనా ఆవిడ దగ్గరకే వెళ్లాం.

మేం అష్టాచెమ్మా గవ్వలు తీసుకెళ్లాం. మొదటి రోజు ఆవిడ కిటికీ దగ్గర మాకు వీపు పెట్టి ఏదో రాసుకుంటూ కూర్చున్నారు. పాప నా చెవిలో గుసగుసలాడింది. రెండోసారి కుర్చీ కాస్త దగ్గరకు జరిపారు. మూడోసారి చాప అంచు మీద కూర్చుని, మాతో మాట్లాడకుండా ఆట చూస్తున్నారు. పాప గవ్వలు వేసింది. నాలుగూ వెల్లకిలా పడ్డాయి. "చెమ్మా!" అని అరిచింది. అరిచాక తనే ఉలిక్కిపడి ఆవిడ వైపు చూసింది. ఆవిడ ఆహా ఓహో అనలేదు, చప్పట్లు కొట్టలేదు. గవ్వలు తీసి నా చేతికిచ్చి, "ఇప్పుడు అమ్మ వంతు" అన్నారంతే. ఆ రోజు బస్సులో నేను ఏడ్చాను, పాప నిద్రపోయింది కాబట్టి సరిపోయింది.

పిల్లకు తగిన థెరపిస్టు అంటే నాకు ఇదీ అర్థం. డిగ్రీ ముఖ్యమే, కానీ పిల్ల ఇంట్లో మాట్లాడే తెలుగు ఆ గదిలోనూ వినిపించాలి. అమ్మో నాన్నో లోపల ఉండనివ్వాలి. మనం ఇంటికెళ్లి ఏం చేయాలో చెప్పి పంపాలి. ఈ చివరిదే ఖర్చు తగ్గించేది కూడా.

ఖర్చు సంగతి నేను మొదటి రోజే ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ ఫీజు 800. వారం వారం రాలేమండీ అంటే, "మీరు నా దగ్గరకు వారానికి రెండుసార్లు రావడం కన్నా, బడిలో వారానికి మూడుసార్లు పావుగంట చేయడం పాపకు మేలు" అన్నారు. పదిహేను రోజులకోసారి వెళ్లాం. మొత్తం పదకొండు సార్లు, 8,800. బస్సు ఛార్జీలు వేరే. ముందు సెంటర్‌కు కట్టినదాంట్లో సగం కూడా కాదు. మీరు కూడా ఇంత మాత్రమే పెట్టగలం అని నోరు తెరిచి అడగండి. కొందరు తగ్గిస్తారు, కొందరు మధ్యలో ఒక సెషన్ వీడియో కాల్‌లో చేస్తారు. తగ్గించలేకపోతే ఆ మాటే చెబుతారు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

అసలు పని జరిగింది బడిలోనే. చివరి బెల్లు కొట్టాక ఖాళీ క్లాసులో నేను, పాప నేల మీద సుద్దముక్కతో గళ్లు గీసుకుని ఆడుకునేవాళ్లం. టీచర్ మొదట వరండాలో నడిచేవారు. వారం తర్వాత గుమ్మం దగ్గర. ఇంకో వారానికి తన టేబుల్ దగ్గర పుస్తకాలు దిద్దుకుంటూ. తర్వాత ఆటలోకి. ఆ తర్వాత నేను బయటకు జరగడం మొదలుపెట్టాను. సైకాలజిస్ట్ టీచర్‌కు ఒక కాగితం రాసిచ్చారు. అందరి ముందూ నిలబెట్టవద్దు. "నీ పేరేంటి" లాంటి ప్రశ్న కాకుండా "ఎరుపు కావాలా, నీలం కావాలా" అని రెండింట్లో ఒకటి ఎంచుకునేలా అడగండి. అడిగాక ఐదు సెకన్లు ఆగండి. మాట్లాడితే పొగడ్తలతో ముంచేయకండి, మామూలుగా ఉండండి. బాత్రూమ్‌కు ఒక చిన్న కార్డు పెట్టండి, చూపిస్తే పంపించండి. ఈ కార్డు ఒక్కదానితోనే మా పాప సగం భయం పోయింది. థెరపిస్టు దొరికేలోపే మీరూ ఇది రేపే అడగవచ్చు.

నేరుగా పైకి వెళ్లిన దారి కాదు. సంక్రాంతి సెలవులయ్యాక మళ్లీ మొదటికొచ్చింది. ఒకటో తరగతిలో టీచర్ మారితే కొత్తావిడతో మళ్లీ గవ్వల దగ్గర నుంచి మొదలుపెట్టాం. కాకపోతే ఈసారి తొందరగా అయింది. ఇప్పుడు రెండో తరగతి. టీచర్‌తో, స్నేహితులతో మాట్లాడుతుంది. అసెంబ్లీలో మైకు ముందు ఇంకా మాట్లాడదు. పర్వాలేదు.

మీరు విజయవాడలో ఉన్నారు కాబట్టి ఎయిమ్స్ దూరం అనుకుంటే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్లండి. పిల్లల విభాగంలో డీఈఐసీ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) గురించి కూడా అడగండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో పెట్టిన కేంద్రాలివి, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు పరీక్షలు, థెరపీ ఉచితం. రాత్రిపూట దిగులుగా ఉంటే 14416కు ఫోన్ చేయండి, టెలి మానస్ అంటారు, మానసిక సాయం కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. నేను రెండుసార్లు చేశాను. ఒకసారి పాప గురించి, ఒకసారి నా గురించే.

ఒకవేళ పరీక్షలో ఆటిజం అని తేలితే దారి వేరు, అప్పుడు థెరపీ ఎక్కువ రోజులు కావాలి. దానికీ అప్పే మార్గం కాదు. వైకల్య ధ్రువపత్రం తీసుకుంటే, నేషనల్ ట్రస్ట్ (ఆటిజం లాంటి వైకల్యాలున్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, అందులో థెరపీ ఖర్చులకూ చోటుంది. మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో కూడా కనుక్కోండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష నడిపేవి అవి.

ఆ సెంటర్ వాళ్లకు, రిపోర్టు వచ్చాక చెబుతామని ఒక్క మాట చెప్పి ఊరుకోండి. ఆఫర్ ఈ నెలాఖరు వరకే అంటారు, అన్నా సరే.

ఈ రాత్రి మాత్రం ఒక పని చేయండి. బాబు అన్నం తింటూ వాళ్ల నాన్నతో కబుర్లు చెబుతుంటే, పక్కన ఫోన్ పెట్టి రెండు నిమిషాలు వీడియో తీయండి. వాడిని మాట్లాడమని అడగవద్దు, ఫోన్ వైపు చూడమని అనవద్దు. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు అది మీతో ఉండాలి.