మీటింగులో అందరూ ‘అలాగేనండి’ అంటారు, పని మాత్రం కదలదు. టీమ్‌ను ఎలా నడపాలి?

మీ ప్రశ్న చదివాను. అమలాపురం దగ్గర తాగునీటి ట్యాంకు పనికి మిమ్మల్ని మొదటిసారి ఇన్‌ఛార్జిగా వేశారు. 14 మందిలో సగం మంది మీకంటే పెద్దవాళ్లు. సోమవారం మీటింగులో అన్నిటికీ తలూపుతారు, శనివారానికి ఏదీ జరగదు. పెద్ద ఫిట్టర్ అయితే అసలు నోరే విప్పడు. గట్టిగా ఉండాలా, మెత్తగా ఉండాలా అని అడిగారు.

నేను 18 ఏళ్లుగా కాలువ పనుల్లో ఉన్నాను, ఎక్కువగా కోనసీమ వైపు. నాకు తెలిసినంతలో మీ ఇబ్బంది మరోచోట ఉంది. మన గోదావరి జిల్లాల్లో ‘అలాగేనండి’ అంటే ‘మీ మాట విన్నాను, మీకు ఎదురు చెప్పను’ అని అర్థం. అది మర్యాద. మీరు దాన్ని ఒప్పందంగా డైరీలో రాసుకుంటున్నారు. ఈ తేడా నాకు తెలిసొచ్చేసరికి నాలుగు రోజుల పని నీళ్లపాలైంది.

కాలువల సంగతి మీకు తెలుసు కదా. దాళ్వా (రబీ) పంట చేతికొచ్చే వేళకు కాలువలకు నీళ్లు కట్టేస్తారు. సార్వా (ఖరీఫ్) నారుమళ్ల కోసం జూన్‌లో మళ్లీ నీళ్లు వదులుతారు. లాకులు, స్లూయిజులు, గోడలు, ఏది బాగుచేయాలన్నా ఆ మధ్యలోనే. కింద రైతులు నీటికోసం చూస్తుంటారు, గడువు పెంచమని అడిగే మొహం ఉండదు. నేను మొదటిసారి ఇన్‌ఛార్జిగా చేసింది ఒక రెగ్యులేటరు (కాలువ నీటిని ఆపి వదిలే గేట్ల కట్టడం) దిగువ యాప్రాన్ పని. యాప్రాన్ అంటే నీటి ఉరవడికి అడుగు కోసుకుపోకుండా వేసే కాంక్రీటు నేల. ఇసుక బస్తాలతో అడ్డుకట్ట వేసి, మోటార్లతో నీళ్లు తోడి, పాత కాంక్రీటు పగలగొట్టి కొత్తది పోయాలి. లెక్క వెనక నుంచి వేసుకున్నాను. నీళ్లు వదిలే రోజు, దానికి ముందు అడ్డుకట్ట తీయడం, దానికి ముందు కనీసం 10 రోజుల క్యూరింగ్, అంటే కాంక్రీటును తడిగా ఉంచడం. వాడేది పీపీసీ సిమెంటు (బూడిద కలిపినది, నెమ్మదిగా గట్టిపడుతుంది), పైగా మే నెల ఎండ, అందులో ఒక్కరోజు కూడా తగ్గించలేం. అన్నీ పోగా చేతిలో మిగిలినవి రెండు రోజులు.

ఆ టెన్షన్‌లో ఒక సాయంత్రం, కాంక్రీటు పోయడానికి అచ్చుగా కట్టే షీట్లు లెవెల్ తప్పి బిగించాడని సెంట్రింగ్ కుర్రాణ్ని అందరి ముందూ కేకలేశాను. తప్పు వాడిదే. ఊడదీసి మళ్లీ బిగించాడు, గంట పని. మర్నాడు మా పెద్ద మేస్త్రిని అడిగాను: ‘బాబాయ్, రేపు కాంక్రీటు వేసేద్దామంటారా?’ ఆయన గట్టు వైపు ఒకసారి చూశారు. ‘ఆయ్, అలాగేనండి’ అన్నారు. ఆ రాత్రి గట్టు అడుగు నుంచి ఊట తన్నుకొచ్చి గుంత నిండిపోయింది. కట్టిన ఇనుమంతా బురదలో ఉంది. నీళ్లు తోడి, ఇనుము కడిగి, అడుగు మళ్లీ సిద్ధం చేసుకునేసరికి నాలుగు రోజులు పట్టింది. ఒక ఖానా (రెండు స్తంభాల మధ్య భాగం) యాప్రాన్ ఆ ఏడాదికి వదిలేయాల్సి వచ్చింది.

తర్వాత ఆయన్ని టీ కొట్టు దగ్గర ఒక్కరినే కూర్చోబెట్టి, ఊట వస్తుందని మీకు ముందే అనిపించిందా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. ‘మధ్యాహ్నానికే మట్టి చెమరుస్తోందండి. కుర్రాడి సంగతి చూశాక, నేను చెబితే పని ఎగ్గొట్టడానికి అంటున్నానని అనుకుంటారేమోనని ఊరుకున్నాను’ అన్నారు. ఒండ్రు మట్టిలో జీవితమంతా పనిచేసిన మనిషి ఆయన. ఆ మాట ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది.

ఆ రోజు నుంచి ‘అయిపోతుందా?’ అని అడగడం మానేశాను. ‘రేపు ఈ పని ఆగిందంటే దేనివల్ల ఆగుతుంది?’ అని అడుగుతాను. దీనికి ‘అలాగేనండి’ అనడం కుదరదు. రోజూ సాయంత్రం ఐదింటికి, గుంత గట్టు మీదే, నిలబడి, పావుగంట. అందరికంటే చిన్నవాడు ముందు చెప్పాలి, మేస్త్రి తర్వాత, నేను ఆఖర్న. పెద్దవాళ్లు ముందు మాట్లాడేస్తే చిన్నవాళ్లు ఇంక దానికి భిన్నంగా చెప్పరు. మూడు రోజులు ఎవరూ ఏమీ అనలేదు. నాలుగో రోజు మోటార్లు చూసుకునే కుర్రాడు, డీజిల్ ఒక్క పూటకే ఉందన్నాడు. ‘పొద్దున్నే ఎందుకు చెప్పలేదు’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ‘చెప్పి మంచిపని చేశావురా’ అని, అక్కడి నుంచే బండి పంపించాను. మిగతావాళ్లు అది చూశారు. మర్నాటి నుంచి నోళ్లు తెరుచుకున్నాయి. చెడ్డ కబురు తెచ్చినవాడితో మీరు మొదటి నిమిషంలో ఎలా ఉంటారో అందరూ కనిపెట్టి చూస్తారు.

మందలించాల్సి వస్తే పక్కకు పిలిచి మందలించండి. ప్రాణం మీదికి వచ్చే విషయమైతే ఆగకూడదు. తడి చేత్తో మోటారు స్విచ్చి పట్టుకోబోయినవాణ్ని నేను అక్కడికక్కడే అరిచాను, దానికి ఎవరూ బాధపడలేదు.

వాళ్ల దగ్గర ముందస్తు కబురు కోరినప్పుడు మీరు కూడా ముందే చెప్పాలి. ఒకసారి పైనుంచి బిల్లు ఆలస్యమై శనివారం కూలి బట్వాడాకు డబ్బు చాలదని గురువారమే తెలిసింది. ఆ సాయంత్రమే చెప్పేశాను, సగం శనివారం, సగం మంగళవారం అని. ఒకరిద్దరు విసుక్కున్నారు కానీ పని మానలేదు. అలాగే వైశాఖం ముహూర్తాలు. ఎవరింట్లో పెళ్లి ఉందో మొదటి వారంలోనే అడిగి గోడ క్యాలెండర్ మీద గుర్తు పెట్టించాను. చెప్పకుండా మానేయడం చాలావరకు తగ్గింది.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర పేరు డెల్టాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆయన కింద ఉండి కూలీలను కూడగట్టి పని నడిపించిన వీణెం వీరన్న గారి గురించి తక్కువమంది చెప్పుకుంటారు. ఇంజనీరు లెక్కకూ కూలీ చేతికీ మధ్య అలాంటి మనిషి ఒకరు ప్రతి పనిలోనూ ఉంటారు, మీ టీమ్‌లోనూ ఉంటారు. హోదా చూసి వెతక్కండి. ఇద్దరికి మాట తేడా వచ్చినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్తున్నారో గమనించండి.

మీరు రాసినదాన్ని బట్టి అది ఆ పెద్ద ఫిట్టరే కావచ్చని నా అనుమానం. సోమవారం మీటింగు దాకా ఆగకండి. రేపు పొద్దున్న టీ వేళకు ఆయన దగ్గరికి వెళ్లి, ఈ ట్యాంకు పనిలో మీకు ఎక్కడ భయంగా ఉందండీ అని అడగండి. ఆయన ఎంతసేపు మౌనంగా ఉన్నా మీరు మధ్యలో మాట కలపకండి.