పన్నెండు నెలల అద్దె అని లెక్కెయ్యకు

చిన్నీ,

నువ్వు ఇల్లు కొని అద్దెకిద్దామనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ చెప్పడం వింటే నువ్వేదో కొండ మీంచి దూకబోతున్నావేమో అనిపించింది. నాకు మాత్రం ముందు సంతోషమే వేసింది. నీ సంపాదనతో, నీ పేరు మీద ఇల్లు! ఆ సంతోషం సాయంత్రం దాకా ఉంది. రాత్రికి టెన్షన్ మొదలైంది. అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసినవి త్వరగా చెప్పేస్తాను. దస్తావేజులు లాయరుకి చూపించు. అమ్మేవాళ్లు చెప్పిన లాయరుకి కాదు, నువ్వు ఫీజు ఇచ్చి పెట్టుకున్నవాడికి. ఆస్తి మీద తాకట్టు గానీ వారసుల తగాదా గానీ ఉందేమో రికార్డుల్లో వెతికించు. ఇంటిని ఒకసారి వానలో చూడు, ఒకసారి రాత్రిపూట చూడు. తెలిసినవాళ్లకి ఇచ్చినా అద్దె ఒప్పందం కాగితం మీద ఉండాల్సిందే. అడ్వాన్సు తీసుకుంటే ముట్టుకోకు, ఖాళీ చేసిన రోజు తిరిగివ్వాల్సిన డబ్బది.

ఇక మీ పెదనాన్న సంగతి. నువ్వు చిన్నప్పుడు ముక్కలు ముక్కలుగా వినే ఉంటావు, ఇప్పుడు పూర్తిగా విను.

ఆయన మొదటి ఇల్లు బాగానే కొన్నారు. చిన్నది, పాతది, కానీ ఖాళీగా ఉన్న నెల లేదు. అద్దె టంచనుగా వస్తుంటే ఆయనకి ధైర్యం వచ్చింది. అదే వీధిలో ఇంకో ఇల్లు అమ్మకానికొచ్చింది. ఆయన కాగితం తీసి, అద్దెని పన్నెండుతో గుణించి, ఏడాది కిస్తీలు తీసేసి, మిగిలింది చూసుకుని మురిసిపోయారు. ఆ కాగితంలో ఇంటి పన్ను లేదు, బీమా లేదు, రిపేర్లు లేవు. ఇల్లు ఖాళీగా ఉంటుందన్న ఆలోచనే లేదు. ఒక్క నెల ఖాళీగా ఉన్నా ఏడాది అద్దెలో 8 శాతం పైనే పోతుంది. పైగా అద్దెకున్నవాళ్లు మారిన ప్రతిసారీ రంగులు, కుళాయిలు, స్విచ్చులు అంటూ ఒక ఖర్చు.

ఇవన్నీ ఎలాగో సర్దుకునేవాళ్లమే. అసలు చిక్కేమిటంటే, రెండిళ్లలో ఉన్నవాళ్లూ ఒకే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు. ఆ వీధిలో సగం మంది అంతే. ఫ్యాక్టరీ వేరే ఊరికి తరలిపోయింది. ఎటు చూసినా టు-లెట్ బోర్డులే. ఒకరు అద్దె తగ్గిస్తే పక్కవాళ్లు ఇంకాస్త తగ్గించేవాళ్లు, అయినా అడిగే దిక్కు లేదు. ఇల్లు ఖాళీ అయిందని బ్యాంకు కిస్తీ ఆపదు కదా. ఆయన జీతంలోంచి రెండు కిస్తీలు కట్టారు, తర్వాత అప్పు చేసి కట్టారు, తర్వాత ఒకటి అమ్మేద్దామన్నారు. రెండో ఇంటికి బేరమే రాలేదు. అమ్ముడుపోయింది మొదటిది, మంచిది. తొందరలో ఉన్నవాడి దగ్గర జనం కొనేది మంచి ఆస్తినే, అదీ తక్కువ ధరకి. చెడ్డది మాత్రం మాతోనే ఉండిపోయింది.

ఆయన ఇది దాచుకోలేదు. ఎవరు ఇల్లు కొంటామన్నా కూర్చోబెట్టి మరీ చెప్పేవారు. కొందరు విసుక్కునేవాళ్లు కూడా. ఇప్పుడు ఆయన లేరు కాబట్టి ఆ డ్యూటీ నాది. నువ్వు విసుక్కున్నా సరే.

ముందు కట్టాల్సిన డబ్బు కోసం కొంత పర్సనల్ లోన్ తీసుకుంటానన్నావట. బుద్ధుందా? అప్పు మీద అప్పా? ఇంటి విలువలో 20 వంతులు నీవి, 80 బ్యాంకువి అనుకో. ధర 10 శాతం పడితే నీ 20లో సగం పోయినట్టే. ఆ 20 కూడా అప్పే అయితే నీదంటూ ఏముంటుంది? 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల లోన్ తీసుకుంటే మొదటి కిస్తీలో ప్రతి నూరు రూపాయలకీ 83 వడ్డీకే పోతాయి. చివరికి కట్టేది అసలుకి రెండింతల పైనే. వడ్డీ మారే లోన్ అయితే, మొదట్లోనే 9 కాస్తా 11 అయిందనుకో, కిస్తీ దాదాపు 15 శాతం పెరుగుతుంది. అద్దె అలా పెరగదు.

ఇంకో ఏడాది ఆగి డబ్బు కూడబెట్టుకో. ఆరు నెలల కిస్తీలు విడిగా ఒక ఖాతాలో వేసి, ఆ ఖాతా సంగతి మర్చిపో. ఆ తర్వాతే ఇళ్లు చూడటం మొదలుపెట్టు. చుట్టూ రకరకాల పనులు చేసుకునేవాళ్లున్న చోట చూడు. ఆసుపత్రి ఒకటి, కాలేజీ ఒకటి, ఆఫీసులు కొన్ని ఉంటే ఒకటి పోయినా ఇంకొకటి నిలబెడుతుంది. మొదటి ఇల్లు కొనకముందే రెండోదాని ఫొటోలు చూస్తున్నావట, అది మానెయ్.

కోప్పడ్డానని అలగకు. చిన్నప్పుడు నాతో ఆటలో ఓడిపోతే బోర్డు తిరగేసి వెళ్లిపోయేదానివి, కాసేపటికి నువ్వే వచ్చి మళ్లీ ఆడదామనేదానివి. నీ పట్టుదల మీద నాకెప్పుడూ అనుమానం లేదు. నాకున్న భయమల్లా నీ మెత్తదనం గురించే. ఎవరైనా కష్టం చెప్పుకుంటే అద్దె అడగలేవు. ఒక నెల గడువు ఇవ్వు, అదీ కాగితం మీద రాయించుకుని ఇవ్వు. గీజర్ పాడైందంటే మాత్రం అదే రోజు బాగుచేయించు. మంచి మనిషి ఒక ఏడాది ఎక్కువ ఉంటే ఆ గీజర్ ఖర్చు ఎప్పుడో వచ్చేస్తుంది.

ఏ ఇల్లు నచ్చినా పది నెలల అద్దెతో లెక్కవేసి నాకు పంపు. వడ్డీ రెండు శాతం పెంచి ఇంకోసారి వేసి అదీ పంపు. రెండు లెక్కల్లోనూ నువ్వు జీతంలోంచి తీయాల్సింది నీకు భారం కాకపోతే, మీ అమ్మతో నేను మాట్లాడతాను. రిజిస్ట్రేషన్ తేదీ ముందుగా చెప్పు, నాకు టికెట్ దొరకాలి కదా.

ఆశీస్సులతో,
పెద్దమ్మ