పాత బేస్ గిటార్ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

1966 నాటి ఫెండర్ కంపెనీ జాజ్ బేస్ గిటార్ దొరికిందని, ఒంటిమీద గీత కూడా పడలేదని రాశావు. చదవగానే నాకూ ప్రాణం లేచొచ్చింది. అయితే ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. మెరుపు చూసి మనసు పారేసుకోకు. ముందు నెక్, అంటే తీగలు సాగే పొడవాటి మెడ చూడు.

బాడీ మీద ఎన్ని గీతలున్నా వాయించడానికి అడ్డు రావు. నెక్ మెలి తిరిగిందంటే మాత్రం ఆ బేస్ గోడకి తగిలించుకోవడానికే పనికొస్తుంది. తీగలు బిగించినట్టే ఉంచి ఏళ్ల తరబడి కేసులో మూసిపెట్టిన వాటికి కూడా ఈ ముప్పు ఉంటుంది. కాబట్టి "అస్సలు వాయించలేదు" అని అమ్మేవాళ్లు గొప్పగా చెబితే, ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి.

శృతి చేశాక మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మి) దగ్గర క్యాపో (తీగల్ని అదిమి పట్టే క్లిప్పు) బిగించి, చివరి ఫ్రెట్ దగ్గర తీగని వేలితో అదిమి పట్టు. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగ కింద సందు ఎంతుందో చూడు. పావు నుంచి అర మిల్లీమీటరు లోపు ఉంటే దిగులు లేదు. లావు తీగ కింద ఒకలా, సన్న తీగ కింద బాగా తేడాగా ఉంటే మెలిక ఉందని అనుమానించాలి. తర్వాత హెడ్‌స్టాక్ వైపు నుంచి, అంటే శృతి మరలున్న కొస నుంచి, ఒక కన్ను మూసి నెక్ పొడవునా చూడు. బాడీలో కలిసేచోట చివరి ఫ్రెట్లు పైకి లేచినట్టుంటే, ఆ వంపుని ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేయడానికి లోపల ఉండే ఇనుప కడ్డీ) తిప్పి సరిచేయలేం.

ఆ కాలపు ఫెండర్లకి ట్రస్ రాడ్ నట్టు నెక్ అడుగు చివర ఉంటుంది. నెక్ విప్పితేగానీ సరిగా కనిపించదు. విప్పడానికి ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలేసి వచ్చెయ్. విప్పితే రెండు పనులవుతాయి. నట్టు ఇంకా తిరుగుతుందా, అప్పటికే ఆఖరుదాకా బిగించేశారా అన్నది తెలుస్తుంది. ఆ చివరనే సిరాతో వేసిన నెల, సంవత్సరం ముద్ర కూడా కనిపిస్తుంది. వెనక ప్లేటు మీది సీరియల్ నంబరుని మాత్రం పెద్దగా నమ్మకు. నాలుగు స్క్రూలు తీస్తే ఆ ప్లేటు ఇంకో బేస్‌కి వెళ్లిపోతుంది.

వాల్యూమ్, టోన్ పాట్ల (నాబ్‌ల కింద ఉండే తిప్పుడు భాగాల) మీద కూడా అంకెలుంటాయి. 304 అంటే స్టాక్‌పోల్ కంపెనీది, 137 అంటే సీటీఎస్‌ది. 304-6612 అని ఉంటే ఆ పాట్ 1966లో పన్నెండో వారంలో తయారైందన్నమాట. అయితే ఫెండర్ వాళ్లు 1966 నాటి పాట్లని పెద్ద ఎత్తున కొని ఆ తర్వాత రెండు మూడేళ్లూ వాడారు. అందుకే ఆ అంకెని బట్టి బేస్ అంతకుముందుది కాదని చెప్పొచ్చు, ఆ ఏడాదిదేనని చెప్పలేం. టంకం కూడా చూడు. పాతది మసకబారి బూడిదరంగులో ఉంటుంది. ఒకచోట తళతళలాడుతుంటే అక్కడ ఎవరో చెయ్యి పెట్టారు.

1965 జనవరిలో ఫెండర్ కంపెనీ అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ చేతికి వెళ్లింది. సేకరించేవాళ్లు అంతకుముందు వాటికే ఎక్కువ ధర కడతారు. నా మాట అడిగితే, వాయించేవాడికి 1966 బేస్ ఏమాత్రం తీసిపోదు. ఫ్రెట్‌బోర్డు (నెక్ పైన ఫ్రెట్లుండే చెక్క) మీద గుర్తులుగా చుక్కలు పోయి పలకలు వచ్చింది కూడా ఆ ఏడాదే. ఏది ఉన్నా కంగారు పడకు.

ఇక ప్లగ్ పెట్టి వాయించు. రెండు పికప్‌ల (తీగల కదలికని పట్టే అయస్కాంత భాగాల) వాల్యూమూ పూర్తిగా పెంచితే హమ్, అంటే గుయ్‌మనే మోత, తగ్గాలి, ఒకటి తగ్గిస్తే మళ్లీ వినిపించాలి. అలా జరగకపోతే పికప్ మార్చారేమో, రిపేరు చేశారేమో అడుగు. సన్న తీగ మీద అయిదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఏదో ఒక స్వరం త్వరగా చచ్చిపోతే మాత్రం బెంబేలు పడకు. ఫెండర్ బేస్‌లలో అది మామూలే.

కొన్నాక దానికి మళ్లీ రంగు వేయించాలన్న ఆలోచన కలలో కూడా రానివ్వకు. పాత రంగు పోయిందంటే విలువ దాదాపు సగం పోయినట్టే. ఫ్రెట్లు అరిగితే కొత్తవి వేయించుకో, వాయించే వాయిద్యానికి అది తప్పదు. ఏ భాగం మార్చినా పాతది స్క్రూతో సహా సంచిలో వేసి కేసులో దాచు. రబ్బరు తొడుగున్న స్టాండు మీద పెట్టకు, పాత బేస్‌ల మీది నైట్రో లాకర్ పూతని రబ్బరు తినేస్తుంది. ఫ్రెట్‌బోర్డు బ్రెజిలియన్ రోజ్‌వుడ్ అయితే సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి పత్రాలు లేకుండా దేశం దాటించకూడదు. కాబట్టి అది ఏ చెక్కో ముందే కనుక్కో.

నెక్ అడుగు, పాట్ల వెనక, పికప్‌ల కింద ఫొటోలు తీసి పంపు. బ్రిడ్జి, పికప్‌ల మీద ఉండే క్రోమ్ మూతలు కేసులో ఉన్నాయేమో కూడా అడుగు. నేను చూసి చెప్పేదాకా అడ్వాన్సు ఇవ్వకు.

మీ మామయ్య