పొడవు గ్లాసులో నీళ్లు ఎక్కువెందుకు?

ప్రశ్న: నేను డి.ఎల్.ఇడి. విద్యార్థినిని. టీచింగ్ ప్రాక్టీసులో ఒకటో తరగతి పిల్లల ముందు రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒకదానిలోని నీటిని సన్నని పొడవు గ్లాసులోకి ఒంపితే, దానిలోనే ఎక్కువున్నాయన్నారు. రెండుసార్లు వివరించినా ఒప్పుకోలేదు. లోపం నా బోధనదేనా?

జవాబు: లోపం మీది కాదమ్మా. స్విట్జర్లాండ్ మనోవిజ్ఞాని జీన్ పియాజే (1896–1980) సుమారు 2 నుంచి 7 ఏళ్ల వరకు ఉంటుందని చెప్పిన పూర్వ ప్రచాలక దశలో పిల్లల చూపు నీటి ఎత్తు మీదే నిలుస్తుంది. గ్లాసు సన్నగా ఉందన్న సంగతిని, తిరిగి మొదటి గ్లాసులో పోస్తే మట్టాలు మళ్లీ సమానమవుతాయన్న సంగతిని వారు కలిపి ఆలోచించలేరు. పాత్ర మారినా నీటి పరిమాణం మారదన్న గ్రహింపు, అంటే పదిలపరచుకొనే భావన, ఇంకా ఏర్పడలేదన్నమాట. ఈసారి చెంబు, గ్లాసులు వారి చేతికే ఇచ్చి ఒంపనివ్వండి, తిరిగి పోయనివ్వండి; “ఎందుకలా అనుకుంటున్నావు?” అని అడిగి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు రాసుకోండి. నా దృష్టిలో ఆ నోటుపుస్తకం ఏ గైడుకన్నా విలువైనది. పరీక్ష కోసం దశల వయసులు కంఠస్థం చేయక తప్పదు గానీ, ఆరేళ్లకే గ్రహించే బిడ్డలూ, ఎనిమిదో ఏట గ్రహించేవారూ ఉంటారని మరవకండి. ఇప్పటికే గ్రహించిన బిడ్డను ఇంకా గ్రహించని బిడ్డ పక్కన కూర్చోబెట్టి చూడండి. సోవియట్ మనోవిజ్ఞాని వైగోట్‌స్కీ చెప్పిన సామీప్య వికాస మండలం, అంటే ఒంటరిగా చేయలేనిదాన్ని తనకన్నా తెలిసినవారి తోడుతో బిడ్డ చేయగలిగే పరిధి, అక్కడ మీకు కళ్లెదుటే కనిపించవచ్చు.