మందులు పనిచేయకపోవడానికి చికెనే కారణమా?

ప్రశ్న: నా వయసు 46. ఐదేళ్లుగా షుగర్ ఉంది. ఎనిమిది నెలల్లో ఇది మూడో యూరిన్ ఇన్ఫెక్షన్. మొదటి రెండుసార్లు మెడికల్ షాపులో అడిగి సిప్రోఫ్లాక్సాసిన్ తెచ్చుకుని, మంట తగ్గగానే ఆపేశాను. ఈసారి కల్చర్ (మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) చేయిస్తే ఇ.కోలి అనే బ్యాక్టీరియా అని, చాలా మందుల ఎదురుగా ‘ఆర్’ (రెసిస్టెంట్, అంటే లొంగదు) అని వచ్చింది. రిపోర్టు జత చేశాను. కోళ్లఫారంలో పనిచేసే మా పక్కింటాయన ‘కోళ్లకు నీళ్లలో మందులు కలుపుతాం, అవి తినబట్టే మీకు మందులు పనిచేయడం లేదు’ అంటున్నారు. చికెన్, గుడ్లు మానేయాలా? నాటుకోడి ఫర్వాలేదా? పాలు కాచుకుంటే చాలా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీ పక్కింటాయన చెప్పింది సగం నిజమండీ. మిగతా సగం మీ ఉత్తరంలోనే ఉంది. దాని దగ్గరకి తర్వాత వస్తాను.

జబ్బు చేసిన కోళ్లకు మందు ఇవ్వడం తప్పు కాదు. జబ్బేమీ లేకపోయినా త్వరగా బరువు రావాలని మేతలో కొద్దికొద్దిగా యాంటీబయాటిక్ కలపడంతోనే చిక్కు. ఆ కాస్త మందుకు కోడి పేగుల్లో లొంగే బ్యాక్టీరియా పోయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. కొలిస్టిన్ సంగతే చూడండి. ఐసీయూలో మిగతా మందులన్నీ విఫలమయ్యాక మేం వాడే ఇంజెక్షన్ అది. దాన్నే కోళ్ల మేతలోనూ కలిపేవారు. ఆ మందును తట్టుకునే ఎంసీఆర్-1 అనే జన్యువును చైనాలో పందుల్లో, మాంసంలో గుర్తించినట్టు 2015లో వెల్లడైంది. ఒక బ్యాక్టీరియా నుంచి వేరే రకం బ్యాక్టీరియాకు కూడా పాకగల జన్యువది. పశువులకు, కోళ్లకు, చేపలు, రొయ్యల చెరువుల్లో కొలిస్టిన్ వాడకూడదని మన కేంద్రం 2019 జులైలో నిషేధం పెట్టింది.

అయితే మందుకు లొంగని బ్యాక్టీరియా పొయ్యి మీద మాత్రం లొంగుతుంది. కుతకుత ఉడికిన కోడికూరలో అది బతకదు. ప్రమాదం గిన్నెలో కంటే సింకులో ఎక్కువ. పచ్చి చికెన్‌ను కుళాయి కింద పెట్టి కడిగితే ఆ తుంపర పక్కనున్న కొత్తిమీర మీదా, కడిగి బోర్లించిన గ్లాసుల మీదా పడుతుంది. చికెన్ కోసిన కత్తిపీటను ఒట్టి నీళ్లతో తుడిచి దాని మీదే పెరుగు పచ్చడికి ఉల్లిపాయలు తరుగుతాం. ఆ ఉల్లిపాయ పొయ్యి ఎక్కదు కదా! అసలు చికెన్ కడగొద్దనే చెప్పాలి. కానీ ఉప్పు, పసుపు వేసి కడగకుండా వండమంటే మా ఇంట్లోనే నా మాట చెల్లదు. కడగక తప్పదనుకుంటే గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, ఆ నీళ్లు చిందకుండా పారబోసి, సింకునూ కత్తిపీటనూ చేతులనూ సబ్బుతో కడగండి. ఫ్రిజ్‌లో పచ్చి చికెన్‌ను మూతపెట్టి కింది అరలో ఉంచండి.

నాటుకోడికి మందులు తక్కువ వాడతారేమో గానీ, తిండి ద్వారా విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియాకు నాటు, బ్రాయిలర్ తేడా లేదు. పై జాగ్రత్తలన్నీ దానికీ పాటించాల్సిందే. గుడ్లు మానక్కర్లేదు. పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించండి, చిట్లినవి కొనకండి. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్ జోలికి మాత్రం పోకండి. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో దాన్ని ఏడాది పాటు నిషేధించింది ఊరికే కాదు.

పాల దగ్గర లెక్క వేరు. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి, కానీ పాలల్లోకి దిగిన మందు పూర్తిగా పోదు. పొదుగువాపు వచ్చిన గేదెకు యాంటీబయాటిక్ వాడాక, డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు ఎవరికీ పోయకూడదు. తోడు మంచిదే అయినా ఒకరోజు పెరుగు తోడుకోకుండా నీళ్లలా ఉండిపోయిందనుకోండి, కారణాల్లో ఇదీ ఒకటి కావచ్చు. ‘గేదెకు ఇంజెక్షన్ చేయించారా?’ అని పాలు పోసేవారిని మొహమాటం లేకుండా అడగండి.

ఇప్పుడు ఆ మిగతా సగం. యూరిన్ ఇన్ఫెక్షన్ తెచ్చే ఇ.కోలి ఎక్కువగా మన పేగుల్లోంచే వస్తుంది. అక్కడికది తిండి ద్వారా చేరిందా, నీళ్ల ద్వారానా, ఇంకెలాగైనానా అన్నది ఈ రిపోర్టు చూసి ఎవరూ చెప్పలేరు. కానీ మీరు సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకున్న ప్రతిసారీ ఫారంలో కోడి పేగుల్లో జరిగేదే మీ పేగుల్లోనూ జరిగింది. నా అనుమానం కోడి కన్నా ఆ మాత్రల మీదే ఎక్కువ.

‘ఆర్’ చూసి బెంగపడకండి. ఆ మందుకు లొంగనిది బ్యాక్టీరియా, మీ ఒళ్లు కాదు. నైట్రోఫ్యూరాంటాయిన్, ఫాస్ఫోమైసిన్ అనే మందుల ఎదురుగా ‘ఎస్’ (సెన్సిటివ్, లొంగుతుంది) ఉంది, అంటే అవి పనిచేస్తాయి. అలాగని ఇది చదివి షాపుకు వెళ్లకండి. షుగర్ ఉంది కాబట్టి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పేది) పరీక్షలు చేయించి, మూత్రం పోశాక సంచిలో ఎంత మిగులుతోందో స్కానింగ్‌లో చూపించుకోండి. చలిజ్వరం, వాంతులు, నడుము పక్కన నొప్పి ఉంటే అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. మంట పూర్తిగా తగ్గాక ఊరికే మళ్లీ కల్చర్ చేయించక్కర్లేదు. మళ్లీ ఎప్పుడైనా మంట మొదలైతే మాత్రం, మొదటి మాత్ర వేసుకోకముందే కల్చర్‌కు యూరిన్ ఇవ్వండి.