సిగ్విన్‌ల ఫోర్క్ ఎందుకంత లేటు?

ప్రశ్న: అన్నా, విండోస్ ల్యాప్‌టాప్‌ల సిగ్విన్ (లైనక్స్ తీరు కమాండ్‌లు విండోస్ మీద నడిపే సాఫ్ట్‌వేర్) ఏసుకున్న, షెల్ స్క్రిప్ట్‌ల లూప్ పెట్టి ఒక్కో ఫైల్‌కు గ్రెప్ (ఫైల్‌ల పదం వెతికే కమాండ్) నడిపిస్తున్న, కాలేజీల లైనక్స్ మీద జల్ది అయితది గని ఇక్కడ మస్తు లేటైతుంది, ఎందుకట్ల?
– డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

జవాబు: తమ్ముడూ, షెల్ ఒక్కో గ్రెప్ లేపినప్పుడల్ల ఫోర్క్ కొడ్తది, అంటే నడుస్తున్న ప్రాసెస్‌కు (ప్రోగ్రామ్‌కు) నకలు తీస్తది. లైనక్స్‌ల ఫోర్క్ కొడ్తే మెమరీ మొత్తం కాపీ గాదు, ఎవలన్న రాసినప్పుడే ఆ పేజీ (మెమరీ ముక్క) మటుకు కాపీ అయితది. విన్32ల (విండోస్ ప్రోగ్రామ్‌లు వాడే కాల్స్‌ల) ఫోర్క్ అనే కాల్ లేదు, అందుకే సిగ్విన్ క్రియేట్‌ప్రాసెస్ అనే విండోస్ కాల్ తోని అదే ప్రోగ్రామ్‌ను మళ్ల లేపి, తల్లి ప్రాసెస్ డేటా, స్టాక్, హీప్ (దాని మెమరీ భాగాలు) అన్నీ కొత్తగ లేపిన పిల్ల ప్రాసెస్‌కు కాపీ జేస్తది, డీఎల్ఎల్‌లు (ప్రోగ్రామ్‌లు పంచుకునే కోడ్ ఫైళ్లు) గూడ అవే అడ్రస్‌లల్ల కూసోవాలె, లేకుంటే ఫోర్క్ ఫెయిలే, అప్పుడు డీఎల్ఎల్‌ల అడ్రస్‌లు సర్దే రీబేస్ఆల్ నడపాలె. ఇంత జేసినంక ఎగ్జెక్ (ఇంకో ప్రోగ్రామ్ నడిపే కాల్) కొడ్తే ఆ కాపీ అంత పారేసి ఇంకో ప్రాసెస్ లేపుడు, నాకైతే పానం ఉసూరుమంటది. సీ భాషల రాస్తే ఫోర్క్ లేకుంట నేరుగ కొత్త ప్రాసెస్ లేపే స్పాన్ కాల్స్ వాడు. నీ స్క్రిప్ట్‌కైతే లూప్ తీసేసి ఫైళ్లన్ని ఒక్క గ్రెప్‌కే ఇయ్యి.